కారు రేకు అతకడానికి ఏ వెల్డింగ్ మెషిన్ కొనాలి: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత మారుతి 800 ఫ్లోరు తుప్పు తిని, కాళ్ల కింద రోడ్డు కనిపిస్తోందని రాశావు. వైజాగ్ ఉప్పుగాలికి అది మామూలే. టింకరింగ్ షాపులో అడిగిన డబ్బుకి మెషినే వచ్చేస్తుందని నువ్వు వేసిన లెక్క కూడా సబబే. కానీ కొట్టువాడు 250 ఆంపియర్ల ఆర్క్ మెషిన్ (రాడ్డుతో అతికేది) చూపించి, గేటు నుంచి కారు దాకా అన్నీ దీంతోనే అన్నాడన్నావే, దానికి మాత్రం డబ్బు కట్టకు.

కారు పని గేటు పనికి పూర్తిగా తలకిందులు. చిన్న కార్ల పైరేకు 0.7, 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. గేజిలో (రేకు మందానికి బజార్లో చెప్పే నంబరు) చెప్పాలంటే 22కి అటూ ఇటూ. రాడ్డు మెషిన్‌లో వాడే 2.5 మిల్లీమీటర్ల రాడ్డు సరిగ్గా మండాలంటే 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. అంత వేడికి ఈ రేకు రెప్పపాటులో కరిగి చిల్లు పడుతుంది. ఆ చిల్లు పూడ్చబోతే పక్కన ఇంకోటి. కారు రేకుకు కావలసింది 30 నుంచి 50 ఆంపియర్లు, అంతే. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిన పై అంకెను వదిలెయ్. అన్నిటికంటే తక్కువలో పెట్టినప్పుడు మంట తెగకుండా నిలుస్తుందా లేదా అన్నదే నీకు కావాలి. నేను ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నీకు పనికొచ్చేది సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిగ్ మెషిన్, గ్యాస్‌తో నడిచేది. మిగ్ అంటే రాడ్డు బదులు చుట్టలోని సన్నటి తీగ దానంతటదే ముందుకొచ్చి కరిగి అతికే పద్ధతి, గ్యాస్ ఆ అతుకుకు గాలి తగలకుండా కాస్తుంది. 150 నుంచి 200 ఆంపియర్ల తరగతి చాలు. టిగ్ (ఒక చేత్తో మంట, ఇంకో చేత్తో తీగ పట్టి అతికే పద్ధతి) పల్చటి రేకు మీద అందంగా వస్తుంది గానీ రెండు చేతులూ, కాలూ కలిసి ఆడాలి. రేకు అద్దంలా శుభ్రంగా ఉండాలి. కారు కింద పడుకుని, తుప్పు పక్కన, అది నీ వల్ల కాదు. పాత టింకర్లు వాడే ఆక్సిజన్, ఎసిటిలిన్ గ్యాస్ వెల్డింగ్‌లో అతుకు మెత్తగా వచ్చి సుత్తికి లొంగుతుంది. అయితే వేడి జానెడు దూరం పాకి రేకు వంకరపోతుంది, పైగా ఆ సిలిండర్లు ఇంట్లో పెట్టుకునే వస్తువులు కావు.

కొట్లో మెషిన్ వెనకవైపు రేటింగ్ ప్లేటు చదవడం నేర్చుకో. ఒకే డబ్బాలో మిగ్, రాడ్డు రెండూ ఉన్న మెషిన్లకు రెండు వరసలు ఉంటాయి. ‘20 ఆంపియర్లు / 20.8 వోల్టులు’ అని మొదలైతే అది రాడ్డు వరస. ‘30 ఆంపియర్లు / 15.5 వోల్టులు’ అని మొదలైతే అది మిగ్ వరస. లెక్క ఇలా వస్తుంది: మిగ్‌కు ఆంపియర్లను 0.05తో గుణించి 14 కలుపు, రాడ్డుకు 0.04తో గుణించి 20 కలుపు. ఇది తెలియకపోతే రాడ్డు వరసలోని 20 చూపించి, 20 ఆంపియర్ల నుంచీ పనిచేస్తుందని అమ్మేస్తారు. మిగ్ వరస 50 దగ్గర మొదలయ్యే మెషిన్ నీకొద్దు. 30 దగ్గర మొదలైతే తీసుకో.

అదే ప్లేటు మీద ఎక్స్ అక్షరం ఎదురుగా 60%, 100% అని ఉంటుంది. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా మండగలదో అది చెబుతుంది. 60% అంటే ఆరు నిమిషాలు. ఆ పరీక్ష 40 డిగ్రీల గాలిలో చేస్తారు కాబట్టి మన మే నెల ఎండలో కొంత ముందే ఆగిపోవచ్చు. నువ్వు చేసేది సెకను సెకను చొప్పున ట్యాక్‌లు (చుక్క అతుకులు), అదీ 40 ఆంపియర్ల దగ్గర. ఈ అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

వోల్టేజి ఒక నాబు, తీగ వేగం ఇంకో నాబు విడివిడిగా ఉండాలి. సినర్జిక్ (ఒకటి తిప్పితే రెండోది దానంతటదే కుదిరే ఏర్పాటు) ఉంటే మొదట్లో సులువే, కానీ దాన్ని ఆపి చేత్తో సవరించుకునే వీలు ఉండాలి. టార్చి (తీగ, గ్యాస్ బయటికొచ్చే చేతిపిడి) యూరో కనెక్టరుతో ఊడి వచ్చేదే కొను. లోపలే బిగించేసిన టార్చి కేబులు ఎక్కడ నలిగినా మెషిన్ మొత్తం విప్పాలి. 15 నంబరు టార్చి అయితే టిప్పులు (తీగ బయటికొచ్చే రాగి మొనలు), నాజిళ్లు (గ్యాస్ బయటికొచ్చే మూతులు) సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఎక్కడైనా దొరుకుతాయి. మెషిన్ ఎంత తీగచుట్ట పట్టుకుంటుందో కూడా అడుగు. కిలో చుట్ట మాత్రమే పట్టేదైతే తీగ ఖరీదు ఎక్కువ పడుతుంది. 5 కిలోలది పట్టాలి.

ఇక గ్యాస్ అక్కర్లేదు అని ఊరించే మెషిన్ల సంగతి. వాటిలో మందు నింపిన ఫ్లక్స్ తీగ వాడతారు. ఆ తీగ వేడెక్కువ, చిమ్మడమెక్కువ, పైన పెంకు కడుతుంది. 1.2 మిల్లీమీటర్లు దాటిన రేకుకు, ఆరుబయట పనికి బాగానే ఉంటుంది. 0.8 రేకు మీద మాత్రం కొత్త చేతికి చిల్లులే. గ్యాస్ వాల్వే లేని మెషిన్ ఎంత చవకైనా వద్దు. రెండూ నడిచేది తీసుకుంటే లోపల పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు, మార్చుకునే వీలుందో లేదో చూడు. గ్యాస్‌తో మామూలు తీగకు టార్చి ప్లస్‌లో ఉండాలి, ఫ్లక్స్ తీగకు మైనస్‌లో. తీగను తోసే రోలరు గాడి కూడా వేరు: మామూలు తీగకు నున్నటి వి గాడి, ఫ్లక్స్ తీగకు పళ్లున్నది. ఇవి తారుమారైతే చాలామంది మెషిన్ పాడైందని వెనక్కి మోసుకెళతారు.

తీగ ఈఆర్70ఎస్-6 రకం, రాగిపూత ఉన్నది. 0.6 మిల్లీమీటర్లది దొరికితే అదే మేలు, తక్కువ ఆంపియర్లలో నిలకడగా కరుగుతుంది. మన బజార్లో సులువుగా దొరికేది 0.8. దాంతోనూ పని జరుగుతుంది. అదోర్, ఈసాబ్ లాంటి పేరున్న తయారీ తీసుకో. పేరులేని తీగ ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉండి, టిప్పులో ఇరుక్కుని, రోలరు దగ్గర చిక్కుపడ్డ దారపు ఉండలా చుట్టుకుపోతుంది. వానాకాలంలో చుట్టను మెషిన్‌లోనే వదిలేయకు. పాలిథిన్ సంచిలో మూతికట్టి పెట్టు.

గ్యాస్‌లో రెండు దారులు. ఉత్త సీఓటూ చవక, గోలీసోడా కొట్లకు పోసే డీలర్ల దగ్గర కూడా దొరుకుతుంది. కానీ లోతుగా కరిగిస్తుంది, చిమ్ముతుంది. 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు సీఓటూ కలిపిన మిశ్రమం పల్చటి రేకుకు చాలా మెత్తగా ఉంటుంది. ఖరీదు ఎక్కువైనా నీలా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే చెబుతాను. నాజిల్ దగ్గర నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు చాలు. 10 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఒత్తిడితో మిశ్రమం ఉంటే సుమారు 1500 లీటర్ల గ్యాస్, అంటే రెండున్నర గంటల మంట. ఫ్లోరు పని మొత్తానికి అంత కూడా పట్టదు. 5 కిలోల సీఓటూ అయితే నాలుగు గంటలకు పైనే వస్తుంది. సీఓటూ సిలిండర్ లోపల ద్రవంగా ఉంటుంది కనుక ఒత్తిడి చూపే గేజి చూస్తే ఎంత మిగిలిందో తెలియదు. తూకం వేసి చూసుకోవాలి, నిలబెట్టే వాడాలి. మంటలార్పే సీఓటూ సిలిండర్‌ను రెగ్యులేటర్‌కు తగిలించే ప్రయోగం ఎవరు చెప్పినా చేయకు. దాని లోపల అడుగు దాకా గొట్టం ఉంటుంది, ద్రవమే బయటికి తంతుంది. సిలిండర్ మెడ మీద పరీక్ష తేదీ గుద్ది ఉంటుంది. గడువు దాటింది తీసుకోకు, డిపాజిట్ రసీదు దాచుకో.

ఇంటి కరెంటు తట్టుకుంటుందా అని అడిగావు. 45 ఆంపియర్ల దగ్గర పనిచేస్తే మెషిన్ గోడ నుంచి లాగేది ఆరు ఆంపియర్ల లోపే, గీజర్ కంటే తక్కువ. ఏసీ పాయింటు చాలు. అదే 160కి పెంచితే 25 దాటిపోతుంది, అప్పుడు 16 ఆంపియర్ల సాకెట్ కాలుతుంది. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చుట్ట చుట్టి వాడకు, పూర్తిగా పరిచెయ్. ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించు. తడి నేల మీద, చెప్పుల్లేకుండా టార్చి పట్టుకోవద్దు.

డబ్బు ఇచ్చే ముందు కొట్లోనే వెల్డ్ చేయించి చూడు. 20 గేజి రేకు ముక్కలు నాలుగు తీసుకెళ్లు. ఒకదానికి 6 మిల్లీమీటర్ల చిల్లు వేసి, ఇంకోదాని మీద పెట్టి, ఆ చిల్లులోంచి వెల్డ్ నింపమను. చల్లారాక కటింగ్ ప్లేయరుతో పీకు. వెల్డ్‌తో పాటు కింద రేకు ముక్క చిరిగి రావాలి. బొట్టుబిళ్లలా శుభ్రంగా ఊడి వచ్చిందంటే అది పైన అంటుకుందే గాని కరిగి కలవలేదు. మిగ్‌లో అతిపెద్ద మోసం ఇదే, చూపుకు నిండుగా ఉంటుంది, బలం సున్నా. తర్వాత అన్నిటికంటే తక్కువలో పెట్టి ఉత్త రేకు మీద గీత లాగించి చెవి పెట్టు. తాలింపు చిటపటలాడినట్టు ఒకే తీరున వినిపించాలి. టప్ టప్ మని తెగిపోతుంటే ఆ మెషిన్ వదిలెయ్. తీగ టార్చిని వెనక్కి తోస్తుంటే వేగం ఎక్కువ. తీగ చివర గుండు కట్టి టిప్పుకు అంటుకుంటుంటే వేగం తక్కువ. ఈ రెండూ సవరిస్తే పోయేవి, మెషిన్ తప్పు కాదు.

బడ్జెట్ అంతా మెషిన్ మీదే పోసేయకు. తనంతట తాను నల్లబడే హెల్మెట్ (నీ పనికి షేడ్ 9 లేదా 10), తోలు గ్లౌజులు, రెగ్యులేటర్, నాలుగంగుళాల గ్రైండర్, ఫ్లాప్ డిస్కులు, అరడజను క్లాంపులు, పదో పదిహేనో టిప్పులు, జింక్ ప్రైమర్, సీమ్ సీలర్ (అతుకు సందులు పూడ్చే జిగురు). వీటికి కొంత పక్కన పెట్టి, మిగిలిన దాంట్లోనే మెషిన్ చూడు. నైలాన్ చొక్కా, లుంగీ వద్దు. నూలు బట్టలు, షూ.

పని మొదలుపెట్టే రోజు ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. ఎర్త్ క్లాంపు నువ్వు అతికే చోటుకు జానెడు దూరంలోనే, మెరిసే ఇనుము మీద పెట్టు. దూరంగా పెడితే కరెంటు బేరింగులు, వైరింగు మీదుగా దారి వెతుక్కుంటుంది. కార్పెట్, సీట్లు తీసెయ్. అద్దాల మీద తడి గోనె కప్పు, గ్రైండర్ రవ్వలు అద్దంలో దిగితే మళ్లీ పోవు. ఫ్లోరు కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎటు వెళుతున్నాయో చేత్తో తడిమి చూసుకో. వెనక భాగంలో పనైతే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే. ఎల్పీజీ, సీఎన్జీ కిట్టు ఉంటే అది పూర్తిగా తీసేదాకా నిప్పు ముట్టించకు. పక్కన బకెట్ నీళ్లు, తడి గుడ్డ. పనయ్యాక అరగంట అక్కడే ఉండు. కింద పూసిన తారు నెమ్మదిగా రాజుకుంటుంది.

తుప్పును సుత్తితో కొట్టుకుంటూ వెళ్లు. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది డొల్లగా మోగుతుంది. గట్టి రేకు తగిలేదాకా కోసెయ్, మధ్యలో ఆగితే తుప్పుకే వెల్డ్ చేసినట్టు. అంచు చుట్టూ అంగుళం మేర రంగు, జింక్ పూత పోయేదాకా గ్రైండ్ చెయ్. జింక్ పొగ పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, తలుపులు తెరిచి పనిచెయ్. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెంటనే వెల్డ్ చేయకు. క్లోరిన్ ఉన్న రకం అయితే మంట వెలుగుకు విషవాయువు పుడుతుంది.

అట్టముక్కతో కొలత కోసి, 20 గేజి రేకులో అతుకు కత్తిరించు. ఫ్లోరుకు అతుకు ముప్పావు అంగుళం మీదికి ఎక్కి ఉంటే చాలు. అంచు వెంట 30, 40 మిల్లీమీటర్లకొకటి 6 మిల్లీమీటర్ల చిల్లులు వేసి నింపు. రెండు రేకుల మధ్య ముందే జింక్ ప్రైమర్ కొట్టు, వెల్డ్ చేసే చిల్లు దగ్గర మాత్రం తుడిచెయ్. కనిపించే పైరేకు అయితే ఎదురెదురు అంచులు పెట్టి, మధ్య మిల్లీమీటరు సందు వదిలి, 25 మిల్లీమీటర్లకొక ట్యాక్. తర్వాత ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, సెకనుకు మించకుండా. చేయి పెట్టి ఓర్చుకోగలిగాకే తర్వాతది. గీత లాగాలన్న ఆశ పుడితే ఆపుకో. చల్లారేటప్పుడు వెల్డ్ ముడుచుకుని రేకును తనవైపు లాగుతుంది, డోరంతా అలలు తేలుతుంది. చిల్లులు పడుతున్న చోట వెనక రాగి పట్టీ ఆనించు, వేడిని అది లాగేసుకుంటుంది, రాగికి వెల్డ్ అంటదు. ఫ్యాను ఆపు. గాలికి గ్యాస్ చెదిరితే అతుకు అట్టులా చిల్లులు పడుతుంది.

సీటుబెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ పట్టుకునే చోటు, ముందు పొడవు చాసీ పట్టీలు తుప్పు తినుంటే వాటి జోలికి వెళ్లకు, అనుభవమున్న బాడీషాపుకే ఇవ్వు. ప్రాణం ఆనే చోట్లవి. ఫ్లోరు, రన్నింగ్ బోర్డు, బ్యాటరీ కింది పళ్లెం, వీల్ ఆర్చిలు, ఇవి నీవి.

కొట్లో రెండు మూడు మెషిన్లు చూశాక, ఒక్కోదాని రేటింగ్ ప్లేటు ఫోటో నాకు పంపు. మిగ్ వరస స్పష్టంగా కనబడేలా తియ్యి. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య