పియానో వాయించుకుంటూ కృతులు పాడాలంటే ఏ చెయ్యి ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: గీతాలు, వర్ణాలు, కొన్ని కృతులు వచ్చు, ఇంట్లో 88 మెట్ల డిజిటల్ పియానో ఉంది, పాటంతా కుడి చేత్తో వాయిస్తూ పాడుతుంటే గొంతులో గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే ఒంపులు) పోతున్నాయి, ఎడమ చెయ్యి ఏం చేయాలో తెలియడం లేదు.

గమకాలు పోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. పాటంతా కుడి చేత్తో వాయించడం ముందు మానేయండి. భజనల్లో హార్మోనియం పట్టుకుని పాడేవాళ్లను చూసి మనకు ఈ అలవాటు వస్తుంది. వాళ్లు ప్రతి అక్షరానికీ ఒక మెట్టు నొక్కుతారు. హార్మోనియంలో గాలి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది కాబట్టి అక్కడ కొంతవరకు చెల్లుతుంది. పియానోలో సుత్తి తీగను కొట్టగానే ధ్వని తగ్గడం మొదలవుతుంది, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారడం కుదరదు. గొంతు రిషభాన్ని ఊపుతుంటే పియానో అదే రిషభాన్ని కదలకుండా నిలబెడుతుంది. చెవి పియానో వైపు మొగ్గుతుంది, గొంతు చెవి వెంట పోతుంది. స్వరం కదలని వాద్యమనే అభ్యంతరంతోనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను పక్కన పెట్టింది. 1971 వరకు ఆ ఆంక్ష పూర్తిగానే నడిచింది. ఆ నిర్ణయం సంగతెలా ఉన్నా అభ్యంతరంలో పస ఉంది.

కాబట్టి పని పంచుకోండి. పాట గొంతుది. శ్రుతి, తాళం ఎడమ చేతివి. పాదానికీ పాదానికీ మధ్య వచ్చే ఖాళీ కుడి చేతిది. గొంతు పాడుతున్నప్పుడు కుడి చెయ్యి ఆగాలి. మిగతా సాధనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు శ్రుతి. ఆడవాళ్లు ఎక్కువమంది 5 నుంచి 6 శ్రుతి మధ్య, మగవాళ్లు 1 నుంచి 2 మధ్య పాడతారు. పియానో మెట్లలో 1 అంటే సి, 1.5 అంటే సి షార్ప్, 5 అంటే జి, 5.5 అంటే జి షార్ప్, 6 అంటే ఎ. డిజిటల్ పియానోలో ట్రాన్స్‌పోజ్ ఉంటుంది, అంటే మెట్లన్నిటి శ్రుతినీ ఒకేసారి పైకో కిందికో జరిపే మీట. మీది 5.5 అయితే మైనస్ 4 పెట్టండి, మధ్య సి మెట్టు నొక్కితే మీ మధ్యస్థాయి షడ్జం పలుకుతుంది. 1.5 వాళ్లు ప్లస్ 1 పెట్టుకుని, మధ్య సి కంటే ఒక స్థాయి కింద ఉన్న సిని షడ్జంగా పట్టుకోవాలి. ఇక శంకరాభరణం మొత్తం తెల్ల మెట్ల మీదే ఉంటుంది. తంబూరా యాప్‌లో మాత్రం మీ అసలు శ్రుతే పెట్టండి. అక్కడ సి పెట్టి పియానోలో ట్రాన్స్‌పోజ్ చేస్తే రెండూ కొట్టుకుంటాయి.

తీగల పియానోకి ఈ సౌకర్యం లేదు. మీ శ్రుతిలోనే రాగాల మెట్లు నేర్చుకోవాలి. అదేమీ భయపడాల్సిన పని కాదు: 5.5లో హంసధ్వని అంటే జి షార్ప్, ఎ షార్ప్, సి, డి షార్ప్, జి. మూడు నల్లవి, రెండు తెల్లవి. 1.5లోనూ లెక్క అదే. ఇంకొకటి, విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ పెరిగినప్పుడు లోపలి చెక్కపలక ఉబ్బి తీగలు బిగుస్తాయి, శ్రుతి కాస్త పైకి పోతుంది. అప్పుడు పియానోని కదిలించలేం కాబట్టి శ్రుతిపెట్టెనే సన్నగా సవరించి పియానోకి కలపాలి.

తంబూరా తీసేసి పియానోతోనే సరిపెట్టుకోవద్దు. పియానో శ్రుతి స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా కోసినది, ఒక్కో భాగం 100 సెంట్లు. పంచమం దగ్గర తేడా 2 సెంట్లే, చెవికి ఆనదు. అంతర గాంధారం తంబూరా నాదంలో సహజంగా కలిసేది 386 సెంట్ల దగ్గర. పియానో గాంధారం 400 దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్లు నిలువు స్వరంలో బాగా తెలుస్తాయి. అందుకే గాంధారం మీద గొంతు నిలిచే చోట పియానోలో గాంధారం మోగుతూ ఉండకూడదు. స-ప మాత్రమే ఉంచండి. ఒక్క గాంధారం తగ్గించినందుకే పాటలో ఎంత హాయి వస్తుందో రికార్డు చేసి వినండి.

ఇప్పుడు తాళం. తొడ మీద తాళం వేస్తూ నేర్చుకున్నవాళ్లకి రెండు చేతులూ మెట్ల మీదికి వెళ్లగానే కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. కుడి పాదం పెడల్ మీద ఉంటుంది కాబట్టి లయకి ఎడమ మడమ వాడండి, చప్పుడు లేకుండా. తాళంలోని భాగాలను, అంటే అంగాలను, ఎడమ చేతికి అప్పగించండి. ఆది తాళంలో లఘువు 1వ అక్షరం దగ్గర, రెండు ద్రుతాలు 5, 7 దగ్గర మొదలవుతాయి. 1 మీద మంద్ర షడ్జం, పంచమం కలిపి. 5 మీద పంచమం. 7 మీద మళ్లీ పంచమం, ఇంకాస్త మెత్తగా. అంతే. రూపకాన్ని మూడు దెబ్బలుగా వేసే పద్ధతిలో 1 మీద షడ్జం, 2 మీద పంచమం, విసురు దగ్గర ఖాళీ. మిశ్రచాపులో ఏడింటికి 1, 4, 6 మీద. నిమిషానికి 60 అక్షరాల నడకలో ఆది తాళం ఒక ఆవర్తం 8 సెకన్లు పడుతుంది. సమం మీద, అంటే ఆవర్తం మొదటి అక్షరం మీద, కొట్టిన షడ్జం అప్పటికి బాగా సన్నబడిపోతుంది. 5 మీద పంచమం పడకపోతే వెనక ఖాళీ అయిపోతుంది. పెడల్‌ని ప్రతి సమం దగ్గరా వదిలి మళ్లీ తొక్కండి.

పంచమం లేని రాగాల్లో ఈ స-ప పనికిరాదు. హిందోళం, శ్రీరంజని, ఆభోగి పాడేటప్పుడు ఎడమ చేతికి స-మ ఇవ్వండి, తంబూరానీ మధ్యమానికి మార్చండి. ఈ చిన్న సంగతి మర్చిపోయి హిందోళంలో పంచమం మోగిస్తూ కూర్చునేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

స్వరాలు కలిపి కొట్టే కార్డులు వాడొచ్చా అంటే, రాగంలో లేని స్వరం దొర్లనంతవరకు వాడొచ్చు. సి షడ్జంగా మోహనంలో జి కార్డు కొడితే అందులో నిషాదం ఉంది, రాగం అక్కడితో పోయింది. దాని బదులు ప-రి రెండే చాలు. మోహనంలో నిండు కార్డులు రెండే దొరుకుతాయి: స-గ-ప, ద-స-గ. హంసధ్వనిలో మూడు: స-గ-ప, ప-ని-రి, గ-ప-ని. పియానోకి హంసధ్వని అంత బాగా ఒదగడానికి ఇదొక కారణం. అయినా ఆవర్తానికి రెండు కార్డులు మించితే గొంతు వెనకబడుతుంది. సమం మీద ఒకటి, అవసరమనిపిస్తే 5 మీద ఒకటి.

మొదట ఏం పాడాలి? ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాలు. ఆంగ్లేయుల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టినవి ఇవి, అన్నీ శంకరాభరణం మెట్ల మీదే, గమకాలు లేకుండా. మన సంగీతంలో గొంతు, పియానో ఒకే స్వరాన్ని ఒకేలా పలికినా నష్టం లేని రచనలు ఇవే. "శ్యామలే మీనాక్షి" తీసుకోండి. మొదటి పాదం స స ప ప ద ద ప. మొదటి నాలుగు స్వరాలకీ ఎడమ చేత్తో స-ప, ధైవతాలకి మ-ద, చివరి పంచమానికి మళ్లీ స-ప. తర్వాతి పాదం మ మ గ గ రి రి స. ఇక్కడ మధ్యమాలకి మ-ద, గాంధారాలకి స-ప, రిషభాలకి ప-రి, చివర స-ప. ఇది గుక్క తిప్పుకోకుండా వచ్చాక "శక్తి సహిత గణపతిం" పట్టండి. మూడు అక్షరాల నడక ఎడమ చేతికి అలవాటవుతుంది.

ఆ తర్వాత మలహరి గీతాలు, మోహనంలో "వర వీణా", అప్పుడు హంసధ్వనిలో "వాతాపి గణపతిం". ఆ కృతి ఎలాగూ వచ్చి ఉంటుంది కాబట్టి చేతుల మీద దృష్టి పెట్టొచ్చు.

సాధన క్రమం ఇలా ఉంటే మంచిది. పాట కాగితం లేకుండా, అన్ని సంగతులతో, తాళం వేస్తూ, తంబూరా మీద పూర్తిగా రావాలి. రాకపోతే పియానో మూత తెరవొద్దు. సగం వచ్చిన పాటను చేతులు ఇంకా పాడుచేస్తాయి. తర్వాత ఎడమ చెయ్యి ఒక్కటే వాయిస్తూ సాహిత్యాన్ని రాగం లేకుండా మాటల్లా తాళానికి పలకండి. ఇది విసుగ్గా ఉంటుంది, దాటేయాలనిపిస్తుంది, కానీ కష్టమంతా తీరేది ఇక్కడే. ఎందుకంటే చాలా కృతుల ఎత్తుగడ సమం మీద ఉండదు, అర అక్షరమో ఒకటిన్నర అక్షరమో తర్వాత ఉంటుంది. గొంతు ఎత్తుకున్న క్షణంలోనే ఎడమ చెయ్యి కూడా పడిపోతుంది, తాళం జారుతుంది. దీనికి విరుగుడు: కాగితం మీద సాహిత్యం రాసుకుని, 1, 5, 7 మీద ఏ అక్షరం పడుతుందో దాని చుట్టూ సున్నా చుట్టండి. సాగదీసిన అచ్చు మధ్యలో పడితే అక్కడ గీత పెట్టండి. ఎడమ చెయ్యి తాళాన్ని కాదు, ఆ సున్నాలను చూసి పడాలి. పల్లవి ఒక్కదానికి ఇది చేస్తే చరణానికి మీకే అలవాటైపోతుంది.

మాటలు కుదిరాక రాగంతో పాడండి, ఎడమ చేత్తోనే. కుడి చెయ్యి ఒళ్లో ఉండనివ్వండి. పల్లవి, అనుపల్లవి రెండూ ఇలా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చేదాకా కుడి చేతికి పని ఇవ్వొద్దు.

పాదాల మధ్య ఖాళీని నింపే కుడి చేతి పూరకాలు చిన్నవిగా ఉండాలి. పాదం 6 దగ్గర ముగిసి మళ్లీ సమానికి ఎత్తుకోవాలంటే 7, 8 అక్షరాల్లో అక్షరానికి రెండు చొప్పున నాలుగు స్వరాలు పడతాయి. హంసధ్వనిలో ప గ రి స చాలు. గొంతు ఎత్తుకోవాల్సిన స్వరానికి దగ్గరగా ముగిసేలా పూరకం అల్లుకోండి. అప్పుడది గొంతుకి దారి చూపిస్తుంది. ఎక్కడో తారస్థాయిలో ముగించి మంద్రంలో ఎత్తుకోవాల్సి వస్తే మొదటి స్వరం తడబడుతుంది. పూరకం కోసం గాలి పీల్చడం ఆలస్యం చేయకండి. కుడి చెయ్యి మెట్టు తాకే ముందే శ్వాస లోపలికి వెళ్లాలి. పూరకాల్లో లయ పరుగెత్తడం అందరికీ జరిగేదే, మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి పూరకం ముందు, తర్వాత వచ్చే ఆవర్తాలను కలిపి సాధన చేయండి.

ఏ స్థాయిలో వాయిస్తున్నారో చూసుకోండి. గొంతు తిరిగే చోటే పియానో కూడా తిరిగితే సాహిత్యం వినపడదు. పూరకాలు ఒక స్థాయి పైన, శ్రుతి ఒక స్థాయి కింద. తారస్థాయికి వెళ్లినప్పుడు ఉత్సాహంలో చేతులు కూడా బలంగా కొడతాయి. గొంతు పైకి వెళ్తున్నకొద్దీ చేతులు మెత్తబడాలి.

మెట్ల వైపు వంగి పాడితే గడ్డం గుండెకి ఆనుకుంటుంది, తారషడ్జం బిగుసుకుపోతుంది. మోచేతులు మెట్ల ఎత్తులో ఉండేలా బల్ల సరిచేసుకుని, కాగితం కళ్లెదురుగా పెట్టుకోండి.

గమకాల్లో పియానోకి చేతనైనవి కొన్ని ఉన్నాయి. జంట స్వరాల్లో రెండో స్వరాన్ని కింది స్వరం తాకించి పలికే స్ఫురితం బాగా వస్తుంది. స్వరాన్ని ఊపే కంపితం, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే జారు రావు. పిచ్ బెండ్ చక్రం ఉన్న కీబోర్డుల్లో జారు తెప్పించవచ్చు, కానీ దానికి ఎడమ చెయ్యి కావాలి. శ్రుతి, తాళం మోస్తున్న చెయ్యి దాన్ని తిప్పలేదు, కాబట్టి మీ పనికి అది అక్కరకు రాదు.

గొంతుతో కలిపి వాయించదగ్గ చోటు మాత్రం ఒకటి ఉంది: చిట్టస్వరాలు (కృతిలో ముందే కట్టి ఉన్న స్వరాల వరస), మధ్యమకాలంలో పాడే కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లి పాడేవి). అక్కడ స్వరాలు పొడిగా, వేగంగా నడుస్తాయి, పియానో దెబ్బ పదును తెస్తుంది. కదనకుతూహలంలో "రఘువంశ సుధాంబుధి" లాంటి కృతికి ఇది ప్రత్యేకంగా నప్పుతుంది. ఆలాపనలో మాత్రం స-ప, ప్రయోగం ముగిసిన చోట ఒకటి రెండు స్వరాల జవాబు, అంతకు మించి వద్దు. సిక్కిల్ గురుచరణ్ గాత్రం, అనిల్ శ్రీనివాసన్ పియానో కలిసిన ఆల్బమ్‌లు వినండి. పియానో ఎప్పుడు మోగుతోందో కాకుండా ఎప్పుడు ఆగుతోందో గమనిస్తూ ఒకసారి, మామూలుగా ఒకసారి.

వారానికొకసారి ఒక పరీక్ష పెట్టుకోండి. ఒకే పల్లవిని తంబూరా ఒక్కదానితో ఒకసారి, పియానోతో ఒకసారి పాడి ఫోనులో రికార్డు చేయండి. రెండోదాంట్లో రిషభం, నిషాదం కదలిక తగ్గిందనిపిస్తే కుడి చెయ్యి మళ్లీ గొంతు మీదికి వచ్చిందన్నమాట.

తోడి, సహన, బేగడ, యదుకులకాంభోజి గురించి కూడా అడిగారు. తోడి గాంధారం రిషభ మధ్యమాల మధ్య ఊగే స్వరం. పియానోలో దానికి కేటాయించిన మెట్టు నొక్కితే రాగం పోతుంది. ఈ రాగాల్లో ఎడమ చేత్తో శ్రుతి, తాళం ఇస్తూ నిక్షేపంగా పాడుకోండి. కుడి చేతిని మాత్రం మొదటి నుంచి చివరి దాకా మెట్ల మీదికి రానివ్వకండి.