పోర్టల్ ఉన్నా ఫోన్లు ఆగకపోతే

బ్యాంకు సర్క్యులర్లన్నీ లోపలి వెబ్‌సైట్‌లో, అంటే పోర్టల్‌లో, ఎక్కించినా బ్రాంచీల వాళ్లు రీజనల్ ఆఫీసుకే ఫోన్ చేస్తున్నారని రాశారు కదండీ. సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు. ఖాతాదారు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే పీడీఎఫ్ మొత్తం ఎవరు చదువుతారు?

ఒక నెలపాటు ఆ ఫోన్లలో ఏం అడుగుతున్నారో రాసిపెట్టండి. పోర్టల్ మొదటి పేజీలో అవే ఉండాలి. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు, చిరునామా వివరాలు) మళ్లీ ఎప్పుడు తీసుకోవాలనేదే చూడండి: రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాల్లోని లెక్క ప్రకారం ఖాతాదారు రిస్కు ఎక్కువైతే కనీసం 2 ఏళ్లకోసారి, మధ్యస్థమైతే 8, తక్కువైతే 10. మూడు ముక్కల్లో తేలిపోయే జవాబు. దాని కింద మూల సర్క్యులర్ లింకు, చివరిసారి సరిచూసిన తేదీ పెట్టండి. రద్దయిన సర్క్యులర్ వెతుకులాటలో కనపడిందా, ఇక ఆ పోర్టల్‌ని ఎవరూ నమ్మరు.

పేజీ బాధ్యత మనిషికి కాదు, సీటుకి అప్పగించండి. బదిలీల సంగతి తెలిసిందే.

అసలు చిక్కు వేరే ఉంది. రీజనల్ ఆఫీసులో పెద్దాయన్ని ఫోన్లో అడిగి చేస్తే రేపు ఆడిట్‌లో ఆయన పేరు చెప్పుకోవచ్చు, పోర్టల్ పేరు చెబితే ఒప్పుకుంటారో లేదో! పోర్టల్‌లోని జవాబు ప్రకారం చేసినవాళ్లని తప్పుపట్టబోమని జోనల్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఇప్పించండి.