నమ్మకం సడలినప్పుడు ఇంట్లో ఎలా మెలగాలి?

ప్రశ్న: మాది తిరుపతి. తమ్ముడి జబ్బు నయం కావాలని అలిపిరి మెట్లెక్కి మొక్కుకున్నాను. అయినా వాడు దక్కలేదు. ఏడాదిగా నాకు దేవుడిపై నమ్మకం లేదు. పెరటాసి నెల శనివారాల్లో అత్తగారితో కలిసి తళిగ (ఇంట్లో వెంకన్నకు పెట్టే నైవేద్యం) వేస్తుంటే నటిస్తున్నాననిపిస్తోంది. నా భక్తిలో లోపం వల్లే వాడు పోయాడేమోనన్న భయం మాత్రం పోలేదు.

జవాబు: అమ్మా, ఈ ఏడాదిలో మీరు తమ్ముడితోపాటు, ఆపదలో తలుచుకోవడానికి చిన్ననాటి నుంచి అలవాటైన దేవుడినీ పోగొట్టుకున్నారు. మొదటి దుఃఖంలో పదిమంది వచ్చి పలకరించి ఉంటారు. రెండోది మీరు ఎవరికీ చెప్పుకోలేదు. మీ భక్తి తక్కువై తమ్ముడు పోలేదు. జబ్బు ముదరడానికి కారణాలు శరీరంలో ఉంటాయి గాని, అక్క మొక్కులో ఉండవు.

మీలో ఉన్నది అవిశ్వాసమా, దేవుడిపై కోపమా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, తప్పక బతుకుతాడని నమ్మిన తమ్ముడు నిత్యానందను 1925లో క్షయవ్యాధితో పోగొట్టుకున్నారు. తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను ఆయన రద్దు చేసింది 1929లో. ఆ మరణమొక్కటే అందుకు కారణమని నేననను. కానీ అంతటి మనిషికీ ఆలోచన తెమలడానికి ఏళ్లు పట్టింది.

ఇక తళిగ సంగతి. పులిహోర కలపడం, పిండి దీపానికి బియ్యప్పిండి సిద్ధం చేయడం, వచ్చినవారికి వడ్డించడం మీరు మనస్ఫూర్తిగా చేయగలిగితే అందులో నటన లేదు, ఎందుకంటే ఆ పని మీ అత్తగారి మీది ప్రేమతో చేస్తున్నారు. గోవింద నామం నోట రాకపోతే మౌనంగా నిలబడండి. కొండకు రమ్మన్నప్పుడు ఒంట్లో బాగాలేదని సాకు చెప్పకుండా, "తమ్ముడు పోయాక నాకు మనసు రావడం లేదత్తా" అనండి. అది నిజమే కాబట్టి తర్వాత దాచుకోవలసిన అవసరం రాదు. దేవుడు ఉన్నాడా లేడా అని ఆవిడతో వాదనకు మాత్రం దిగకండి. పెద్దవయసులో ఆవిడకున్న ఆసరాను కదిలించి మీరు సాధించేదేమీ లేదు.

మీ వారికి మాత్రం అంతా చెప్పండి, అదీ పండగ హడావుడిలో కాకుండా, ఇద్దరూ తీరికగా ఉన్న పూట. సలహా అడగడం లేదనీ, వింటే చాలనీ ముందే అనండి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతుకు మీద విసుగు కలగడం వంటివి వారాల తరబడి ఉంటే అది నమ్మకానికి సంబంధించిన సమస్య కాదు. మానసిక వైద్యుణ్ణి కలవండి, లేదా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.