పడటం నేర్పే క్లాసులో చేర్చండి

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు, ఐదో తరగతి. చదువు బాగానే వస్తుంది కానీ చాలా భయస్తుడు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడు. చెస్‌లో ఓడిపోతే ఏడ్చి బోర్డు తోసేస్తాడు. స్కూలు బస్సులో పెద్దపిల్లలు రోజూ బ్యాగు లాక్కుంటున్నా మాతో చెప్పలేదు, పక్కింటి పాప చెబితే తెలిసింది. కరాటేలో చేర్పిద్దామని నేనంటే, మావారు ‘ఆ టైములో ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తే పనికొస్తుంది’ అంటున్నారు. కరాటే వల్ల నిజంగా ధైర్యం వస్తుందా? రేపు కెరీర్‌కి ఏమైనా ఉపయోగపడుతుందా? – ఒక తల్లి, ఏలూరు

జవాబు:

అమ్మా, చేర్పించండి. కానీ అంతకంటే ముందు బస్సు సంగతి స్కూలువాళ్లతో రేపే మాట్లాడండి. పెద్దపిల్లల్ని ఆపడం పెద్దవాళ్ల పని, మీ బాబు పని కాదు. ‘కరాటే నేర్చుకో, వాళ్లే భయపడతారు’ అని వాడితో అనకండి. అలా అన్నాక మళ్లీ బ్యాగు పోతే తప్పు తనదే అనుకుంటాడు, ఈసారి అస్సలు చెప్పడు.

ఇక ధైర్యం గురించి. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో చెప్పిన విషయం ఒకటి నాకు ఈ వృత్తిలో రోజూ అక్కరకొస్తుంది. ‘ఈ పని నావల్ల అవుతుంది’ అన్న నమ్మకం అన్నిటికంటే గట్టిగా కుదిరేది, అలాంటి పని ఒకటి స్వయంగా చేసి చూసుకున్నప్పుడు. పక్కవాళ్ల ప్రోత్సాహం దాని తర్వాతే. మనం ‘నువ్వు చేయగలవు నాన్నా’ అని వందసార్లు చెబుతాం. వాడు తన వైపు చూసుకుంటే, చేసిన దాఖలా ఒక్కటీ కనబడదు.

పోయినేడాది ఒక జూడో క్లాసు చూద్దామని వెళ్లి గోడవార కూర్చున్నాను. ఎనిమిదేళ్ల పాప ఒకత్తి కొత్తగా చేరింది. తెల్ల డ్రెస్సు చేతులు రెండు మడతలు పెట్టినా వేళ్ల మీదికి జారుతున్నాయి. జూడోలో ఎదుటివాళ్లని పడేయడం తర్వాత, ముందు పడటం నేర్పుతారు. జపాన్ భాషలో దాన్ని ఉకెమి అంటారు. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి వెనక్కి పడాలి. గడ్డం గుండెకి ఆనించాలి, వీపు గుండ్రంగా వంచాలి, ఒళ్లు మ్యాట్‌కి తగిలే క్షణంలోనే చేత్తో మ్యాట్‌ని గట్టిగా చరచాలి. అప్పుడు తల కొట్టుకోదు, దెబ్బ ఒక్కచోటే పడదు. ఆ పాప కూర్చుని బాగానే పడింది. నిలబడి పడమనేసరికి మూడుసార్లు మోకాళ్లు వంచి మళ్లీ లేచి నిలబడిపోయింది. సార్ తొందరపెట్టలేదు, పక్క పిల్లల్ని నవ్వనివ్వలేదు. నాలుగోసారి పడింది. ఠప్‌మన్న చప్పుడు హాలంతా వినిపించింది. లేచి, ఎర్రబడిన అరచెయ్యి ఒకసారి చూసుకుని, ఎవరూ చెప్పకుండానే మళ్లీ వరసలోకి వెళ్లి నిలబడింది.

బండూరా చెప్పింది అదే. ఆ పాపకి ఆ రోజు ఎవరి చప్పట్లూ అవసరం లేకపోయాయి. 1882లో టోక్యోలో జూడోని మొదలుపెట్టిన కానో జిగోరో స్వయంగా ఉపాధ్యాయుడు. పాఠం మొదలుపెట్టాల్సిన చోటు ఆయనకి బాగా తెలుసుననిపిస్తుంది.

మీవారి మాటకి వస్తాను. నా దగ్గరికి ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు వస్తుంటారు. పదో తరగతి దాకా క్లాసు ఫస్టు వచ్చినవాళ్లే. కాలేజీలో మొదటి వీకెండ్ టెస్టు ర్యాంకు చూసుకుని అన్నం మానేస్తారు, హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఇంటికొచ్చేస్తానని ఏడుస్తారు. వాళ్లకి లెక్కలు రావని కాదు. వెనకబడ్డాక కూడా మర్నాడు పుస్తకం తెరవడమెలాగో ఎవరూ నేర్పలేదు. ఫౌండేషన్ పాఠాలు రెండు మూడేళ్లు ఆగి చెప్పించినా అందుకుంటాడు. ఓడిపోతే బోర్డు తోసేసే అలవాటు మాత్రం అన్నేళ్లు ఆగితే బాగా ముదురుతుంది. వారానికి మూడు సాయంత్రాలు దీనికి ఇవ్వమని మీవారిని నా మాటగా అడగండి.

అయితే ఏ క్లాసులో వేసినా ఒకటే అనుకోకండి. 1986లో ట్రుల్సన్ అనే పరిశోధకుడు అమెరికాలో దారితప్పిన కుర్రాళ్లని మూడు గుంపులు చేసి ఆరు నెలలు చూశాడు. ఒక గుంపుకి టైక్వాండో అనే కొరియా యుద్ధవిద్యని సంప్రదాయ పద్ధతిలో, అంటే గౌరవం, ధ్యానం, నియమాలతో కలిపి నేర్పారు. ఇంకో గుంపుకి కొట్టడం, తన్నడం మాత్రమే నేర్పారు. మూడో గుంపు పరుగు, బాస్కెట్‌బాల్ లాంటివి ఆడింది. మొదటి గుంపులో దూకుడు తగ్గింది, రెండో గుంపులో పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ నేను చూసిన పిల్లల విషయంలోనూ అలాగే ఉంది. కిక్కులు రెండుచోట్లా అవే. తేడా అంతా నేర్పే మనిషి దగ్గరే ఉంటుంది.

కాబట్టి ఫీజు కట్టే ముందు, చెప్పకుండా వెళ్లి ఒక గంట కూర్చోండి. పిల్లాడు పడినప్పుడు, ఓడినప్పుడు, ఏడ్చినప్పుడు సార్ ఏమంటున్నారో వినండి. ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అన్న మాట చెవిన పడిందా, లేచి వచ్చేయండి. ఫైటింగ్ ముగిశాక ఓడినవాడు, గెలిచినవాడు ఎదురుగా నిలబడి వంగి నమస్కారం చేస్తున్నారా? మీవాడికి అన్నిటికంటే ఉపయోగపడేది ఆ అర నిమిషమే. చెస్‌లో ఓడాక ఏం చేయాలో వాడికి తెలియదు కదా, ఇక్కడ దానికొక పద్ధతి ఉంటుంది. నెలనెలా బెల్ట్ టెస్టు పెట్టి నెలనెలా ఫీజు తీసుకునే చోటు వద్దు. ఈ వయసులో తల మీద దెబ్బలు పడే ఫైట్లు కూడా వద్దు. పిల్లలకి ఎంఎంఏ, అంటే కొట్టడం, తన్నడం, కుస్తీ అన్నీ కలిపిన ఫైటింగ్, మంచిది కాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే 2016లో చెప్పింది.

కరాటేయే కానక్కర్లేదు. జూడో, టైక్వాండో, కుస్తీ, మీకు దగ్గర్లో మంచి గురువుంటే మన కర్రసాము, ఏదైనా మంచిదే. ధైర్యం కోసమైతే విద్య పేరు కంటే గురువే ముఖ్యం.

కెరీర్ కోసమైతే పేరు చూడాలి. జూడో 1964లోనే ఒలింపిక్స్‌కి వచ్చింది, ఆడపిల్లలకి పతకాల పోటీ 1992 నుంచి. టైక్వాండో 2000 నుంచి పతకాల క్రీడ. కరాటే మాత్రం 2021లో జరిగిన టోక్యో పోటీల్లో ఒక్కసారే కనిపించింది, పారిస్‌లో లేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి అకాడమీ ఇచ్చే బెల్ట్ సర్టిఫికెట్ చెల్లదు. స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకి వెళ్లడం, గుర్తింపు ఉన్న ఫెడరేషన్ పోటీల్లో ఆడటం లాంటివి కావాలి. పెద్దయ్యాక కూడా ఆసక్తి నిలిస్తే కోచ్ కావచ్చు. బాక్సింగ్, జూడో, కుస్తీల్లో పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఉంది. వీటి గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. వాడికి పదేళ్లే.

బాక్సర్ నిఖత్ జరీన్ గురించి వాడికి చెప్పండి, కానీ పూర్తిగా చెప్పండి. నిజామాబాద్ అమ్మాయి. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. మళ్లీ ప్రపంచ చాంపియన్ కావడానికి పదకొండేళ్లు పట్టింది. మధ్యలో భుజానికి గాయమై ఆట ఆగిపోయింది. 2022లో ఇస్తాంబుల్‌లో గెలిచింది, 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దాకా వెళ్లలేదు, తర్వాత బంగారు పతకం గెలిచిన చైనా అమ్మాయి చేతిలోనే ఓడింది. మనం పిల్లలకి 2022తో కథ ఆపేస్తాం. ఆ పదకొండేళ్ల గురించి కూడా వింటే మీవాడికి ఎక్కువ ఉపయోగం.

మొదటి నెలలో ‘వెళ్లను’ అంటాడు. దాదాపు అందరూ అంటారు. మూడు నెలలు పూర్తిచేయాలని ముందే ఒప్పందం చేసుకోండి, ఆ తర్వాత నిర్ణయం వాడికి వదిలేయండి. ఇంటికొచ్చాక ‘గెలిచావా’ అని అడగకండి, ‘ఈరోజు నేర్పింది చూపించు’ అనండి. జూడోలో చేరితే ఒక ఆదివారం పరుపు కిందకి దించి, కూర్చుని వెనక్కి పడటం వాళ్ల నాన్నగారికి నేర్పమనండి. ఆయన గడ్డం గుండెకి ఆనించకపోతే మీవాడే సరిచేయాలి.

దసరా సెలవుల్లో నాకు మళ్లీ రాయండి. బెల్టు రంగు రాయక్కర్లేదు. క్లాసులో చెయ్యి ఎత్తాడా, బస్సులో ఏం జరిగిందో మీతో తనే చెబుతున్నాడా, ఈ రెండూ రాయండి.