పేషెంట్ దగ్గరికి పోకుండా నర్సుగా బతకొచ్చా అక్కా?

ఈసారి ఉత్తరాలు రెండు, రెండూ మన వైపువే. మొదటిది పెద్దది, ఎక్కువ చోటు దానికే పోయింది, మిగతావాళ్ళు ఏమనుకోవద్దు.

అక్కా నమస్తే. మాది కావలి పక్కన పల్లె, నాయన రొయ్యల గుంటలు చేస్తాడు. నేను 2023లో బీఎస్సీ నర్సింగ్ అయిపోయి ఒక ప్రైవేటు హాస్పిటల్లో క్యాజువాలిటీలో చేరాను, పదకొండు నెలలు చేశాను. ఒక రాత్రి హైవే మీద యాక్సిడెంట్ అయ్యి ఒకే ఆటోలోంచి ఆరుగురిని తెచ్చారు, డ్యూటీలో ఇద్దరం సిస్టర్లం, ఒక డాక్టరు. అందులో ఏడెనిమిదేళ్ళ పిల్లోడికి నేనే సీపీఆర్ చేశాను, నలభై నిమిషాలు అని కేస్ షీట్లో ఉంది, నాకు మాత్రం ఎంతసేపు చేశానో తెలీదు. పోయాడు. ఆ మాట డాక్టరు చెప్పాల, ఆయన ఇంకో పేషెంట్ కాడ ఉన్నాడని నన్ను బయటికి పంపారు. పేషెంట్ల వెంట వచ్చిన అటెండర్లలో ఒకాయన నా జడ పట్టుకుని గోడకేసి కొట్టాడు, ఇంకొకాయన సెలైన్ స్టాండ్ ఎత్తాడు. మర్నాడు మేనేజ్‌మెంట్ వాళ్ళు పిలిచి కేసూ గీసూ వద్దమ్మా హాస్పిటల్ పేరు పోద్ది అని రెండు రోజులు లీవిచ్చారు, అంతే. నేను మళ్ళీ పోలేదు.

తొమ్మిది నెలలైంది. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ బీప్ బీప్ అంటది కదా, అది వింటే చేతులు చల్లబడి చెమటలు పోస్తాయి, తమ్ముడు చూసి దాని బజర్ వైరు పీకేశాడు. రాత్రి మూడింటికి లేచి కూర్చుంటాను. హైవే మీద పొయ్యే బస్సు ఎక్కను. మా అవ్వకి షుగరు, రోజూ ఇన్సులిన్ నేనే వేస్తాను, అది మాత్రం బాగానే ఉంటది. ఊళ్ళో వాళ్ళు నర్సమ్మా బీపీ చూడు అని వస్తే చూస్తాను, కానీ నలుగురు కలిసి వస్తే లోపలికి పొయ్యి తలుపేసుకుంటాను. నాయన అప్పు చేసి చదివించాడు, అమ్మేమో జర్మనీకి పోయినోళ్ళని చూడు అంటది. పేషెంట్‌ని ముట్టుకోకుండా ఈ చదువుతో చేసే పనులేమన్నా ఉండాయా, లేక నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరేనా?
కావలి చెల్లెలు

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ పిల్లోడు కనపడ్డాడు, రెండోసారి మీ అవ్వ ఇన్సులిన్ కనపడింది. నువ్వు అడిగింది పేషెంట్ లేని ఉద్యోగం, కానీ నువ్వే రాశావు, రోజూ అవ్వకి సూది వేస్తా ఉండావు, చెయ్యి వణకడం లేదు, ఒంటరిగా వచ్చినవాళ్ళ బీపీ చూస్తా ఉండావు. నాకు అర్థమైనంతలో నువ్వు భయపడేది మూడింటికి. ఆ బీప్, ఆ హైవే, గుంపుగా వచ్చే అటెండర్లు. ఈ మూడింట్లో ఏది ఎంత అనేది తెలీకుండా ఉద్యోగం వెతికితే పేషెంట్ లేని చోటికే పోయి అక్కడ కూడా చేతులు చల్లబడతాయి. ఎట్టాగో కింద చెప్తా.

ముందు ఒక మాట. జరిగిన సంగతి కళ్ళముందే తిరగడం, నిద్ర లేకపోవడం, గుర్తు చేసే వాటికల్లా దూరంగా జరగడం, ఇవి నెల దాటినా తగ్గకపోతే డాక్టర్లు దాన్ని పీటీఎస్‌డీ, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసుకి పట్టే జబ్బు ఏమో అని చూస్తారు. నీకు తొమ్మిది నెలలు. అది పీటీఎస్‌డీ అని ఉత్తరం చూసి నేను తేల్చలేను, సైకియాట్రిస్ట్ చూడాల. దీనికి వైద్యం ఉంది, ట్రామా మీద పనిచేసే సీబీటీ అని, ఈఎండీఆర్ అని కూర్చోబెట్టి చేసే థెరపీలు, మామూలుగా 8 నుంచి 12 సిట్టింగులు, అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మాత్ర. నువ్వు చదువుకున్న పిల్లవే, సైకియాట్రీ పోస్టింగ్‌లో కేస్ ప్రజెంటేషన్ కూడా ఇచ్చే ఉంటావు, అయినా మనదాకా వస్తే సిస్టర్లం అందరం ఒకటే చేస్తాం, డ్యూటీ మార్చుకుంటాం, డాక్టర్ దగ్గరికి పోము. ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని, నేనూ అదే చేశాను ఒకప్పుడు.

తొలిగా 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, డబ్బులు పడవు, రాత్రి మూడింటికి చేసినా తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. చచ్చిపోదాం అనే ఆలోచన ఎప్పుడన్నా తలలోకి వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆ నిమిషమే చేసి పక్కన అమ్మని లేపు. తర్వాత నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి పో. కావలి నుంచి రైలుంది, హైవే ఎక్కే పనే లేదు. తమ్ముణ్ణి తీసుకుపో, క్యాజువాలిటీ గేటు వైపు కాకుండా ఓపీ వైపు నుంచి తీసుకుపొమ్మని ముందే చెప్పు. నలుగురికీ తెలుస్తుందని అమ్మ జంకితే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో నీ వివరాలు బయటికి చెప్పకూడదని రాసి ఉందని చెప్పు.

తమ్ముడు వైరు పీకేశాడన్నావు, బంగారంలాంటి పిల్లోడు. ఇప్పటికి మంచిదే, ముందు నువ్వు నిద్రపోవాల. కానీ ఈ జబ్బుకి ఒక గుణం ఉంది, తప్పించుకునే కొద్దీ భయం లావెక్కుద్ది. ఇవాళ వైరు, రేపు బస్సు, ఎల్లుండి ఊళ్ళో పెళ్ళి. ఆ వైరు మళ్ళీ ఎప్పుడు పెట్టాలో థెరపీ చేసేవాళ్ళని అడుగు, వాళ్ళు ఒక రోజు చెప్తారు, ఆరోజు నువ్వే పెట్టు.

ఇంక ఉద్యోగాలు. ఉన్నాయి తల్లీ, చానా ఉన్నాయి, బూడిదా లేదు పన్నీరూ లేదు. కానీ పేషెంట్ కనపడకపోవడం వేరు, పేషెంట్ లేకపోవడం వేరు. కొన్నిట్లో మనిషి ఉండడు కానీ గొంతు ఉంటది, కొన్నిట్లో గొంతు కూడా ఉండదు కానీ కాగితం మీద ఆ మనిషే ఉంటాడు.

మెడికల్ కోడింగ్ అందరూ చెప్పే మాట, హైదరాబాద్‌లోనూ చెన్నైలోనూ ఆఫీసులు ఉన్నాయి, మన నెల్లూరోళ్ళకి చెన్నై దగ్గర కాబట్టి అటే ఎక్కువ పోతారు. అమెరికా హాస్పిటళ్ళ చార్టులు చదివి జబ్బుకీ చేసిన పనికీ కోడ్లు వెయ్యడం. మామూలు షుగరుకి ఈ11.9, అంటే మీ అవ్వ. పీటీఎస్‌డీకి కూడా అందులో కోడ్ ఉంది, ఎఫ్43.10, ఊరికే చెప్తున్నా. అనాటమీ, మెడికల్ పదాలు నీకు వచ్చు కాబట్టి డిగ్రీ పిల్లల కంటే నీకు సులువు. అయితే ఇక్కడే నేను చెప్పాలనుకున్నది. కోడింగ్‌లో ఎమర్జెన్సీ చార్టులు వేరే టీమ్, అందులో రోజంతా యాక్సిడెంట్లు, సీపీఆర్ నోట్సు, చివర్లో టైమ్ ఆఫ్ డెత్. ఆ టీమ్‌లో వేస్తే నువ్వు ఏసీ గదిలో కూర్చుని మళ్ళీ ఆ రాత్రి డ్యూటీయే చేస్తావు. ఇన్‌పేషెంట్ చార్టుల్లో కూడా డెత్ సమ్మరీలు వస్తాయి. రేడియాలజీ కోడింగ్ అడుగు, ఎక్స్‌రే స్కాన్ రిపోర్టులు, పొట్టిగా ఉంటాయి. లేదా హెచ్‌సీసీ అని షుగరు, బీపీ, కిడ్నీ లాంటి దీర్ఘకాలం జబ్బుల చార్టులు. ఇంటర్వ్యూలో నీ కథంతా చెప్పాల్సిన అవసరం లేదు, రేడియాలజీ మీద ఇంట్రెస్ట్ అంటే చాలు. ఒకటి మాత్రం తెలుసుకో, టార్గెట్లు ఉంటాయి, తప్పుల్లేకుండా 95 శాతం రావాల అంటారు, మొదట్లో టీమ్ లీడర్ నస ఉంటది.

ఫార్మకోవిజిలెన్స్ అని ఇంకోటి, మందుల వల్ల వచ్చిన సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు చదివి ఎంట్రీ చెయ్యడం, హైదరాబాద్‌లో ఎక్కువ. ఫార్మసీ వాళ్ళకి ముందు పీట వేసినా నర్సింగ్ వాళ్ళనీ తీసుకునే కంపెనీలు ఉన్నాయి. సీరియస్ కేసుల్లో చావులు కూడా ఉంటాయి, అది తెలిసి పో.

ఇన్సూరెన్స్ క్లెయిములు రెండు రకాలు, ఈ రెండూ కలిపేసుకోవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీలోనో, వాళ్ళ తరఫున క్లెయిములు చూసే టీపీఏలోనో కూర్చుని కేస్ షీటు, బిల్లులు చూసి అప్రూవ్ చేసేది ఒకటి, అది నీకు సరిపోద్ది. హాస్పిటల్లో ఇన్సూరెన్స్ డెస్క్ మీద కూర్చునేది రెండోది, దాని జోలికి పోవద్దు. క్యాష్‌లెస్‌కి గంటలో, డిశ్చార్జికి 3 గంటల్లో అప్రూవల్ రావాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో రూల్ పెట్టింది, కాస్త ఆలస్యమైతే అటెండర్లు అరిచేది ఎవరి మీద అనుకున్నావు, ఆ డెస్క్ పిల్ల మీదే. పేషెంట్ ఉండడు, నీకు భయం వేసే వాళ్ళు మాత్రం అందరూ ఉంటారు.

సీఎస్‌ఎస్‌డీ, అంటే హాస్పిటల్ సామాన్లు స్టెరిలైజ్ చేసే విభాగం, దాని గురించి ఎవరూ రాయరు, నాకు ఇష్టమైన చోటు అది. ఆపరేషన్ థియేటర్ సామాన్లు కడిగి, సెట్లు కట్టి, ఆటోక్లేవ్ అనే ఆవిరి మిషన్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టి, తీసినాక ప్యాకెట్ మీది టేపు గీతలు నల్లబడ్డాయా లేదా చూసి, తారీఖు రాసి పంపే గది. అటెండర్ అనేవాడు లోపలికి రాడు, ప్యాకెట్‌కి వేడి తగిలిందా లేదా అనేది ఆ నల్ల గీతే చెప్తది, ఎవరి చావూ నీ చేతిలో ఉండదు. నీకు రెండే ఇబ్బందులు, కడిగేవైపు రక్తం ఉంటది, ఆటోక్లేవ్ సైకిల్ అయిపోతే బీప్ కొడుతుంది. అందుకే చెప్పింది నీ భయం ఏందో ముందు తేల్చుకొమ్మని. ప్యాకింగ్ వైపు అడగొచ్చు.

పెద్ద హాస్పిటళ్ళలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ ఉంటది, ఎన్ఏబీహెచ్ అని హాస్పిటళ్ళకి ఇచ్చే నాణ్యత గుర్తింపు కోసం ఫైళ్ళు, ఆడిట్లు, బెడ్ సోర్లు ఎన్ని, సూదులు గుచ్చుకున్నవి ఎన్ని అని లెక్కలు. వార్డులో పనిచేసిన సిస్టర్లకే ఇది బాగా వస్తుంది, నీ పదకొండు నెలలు ఇక్కడ పనికొస్తాయి. కానీ వార్డు రౌండ్ ఉంటది, కాబట్టి ఇది ఇప్పుడే కాదు, ఏడాది తర్వాత. నర్సింగ్ కాలేజీ ట్యూటర్ కూడా అంతే, ల్యాబ్‌లో బొమ్మ మీద సీపీఆర్ నేర్పించాల, పిల్లలతో వార్డు పోస్టింగ్‌కి పోవాల. సీపీఆర్ నేర్పించే రోజు నీకు వస్తే సంతోషం, తొందరేం లేదు.

జర్మనీ సంగతి, అక్కడికి పోయినా బెడ్ సైడ్ పనే, పైగా భాష కొత్త, రాత్రి మూడింటికి లేపడానికి పక్కన అమ్మ ఉండదు. ఇప్పటికి ఆ మాట పక్కన పెట్టమను.

నాయనకి పీటీఎస్‌డీ అంటే తలకెక్కదు. ఆయన భాషలో చెప్పు. వైట్ స్పాట్ తెగులు వచ్చిన రొయ్యల గుంటలో మర్నాడే సీడ్ పోస్తామా నాన్నా, నీళ్ళు తీసి, ఎండబెట్టి, కొన్నాళ్ళు ఆగి కదా పోసేది అను. గుంట అమ్ముకోమని ఎవరూ చెప్పరు. ఆయనకి అప్పుడు అర్థమవుద్ది, అర్థం కాకపోయినా ఆలోచిస్తాడు.

ఏ ఉద్యోగంలో చేరినా నర్సింగ్ కౌన్సిల్ రెజిస్ట్రేషన్ రెన్యువల్ మాత్రం వదలొద్దు. కోడింగ్‌లో చేరాక ఇంక దీంతో పనేముందని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు, నాలుగైదేళ్ళకి మళ్ళీ వార్డు మీద గాలి మళ్ళి అప్పుడు కౌన్సిల్ చుట్టూ తిరిగారు.

ఇంకోటి, నాకు కోపం వచ్చిన సంగతి. కేసు వద్దని వాళ్ళు నీతో అనకూడదు. మన రాష్ట్రంలో 2008 నుంచే హాస్పిటల్ సిబ్బంది మీద దాడికి చట్టం ఉంది, అందులో నర్సులూ వస్తారు, మూడేళ్ళ దాకా జైలు, నాన్ బెయిలబుల్ నేరం, అంటే బెయిల్ కోర్టులోనే అడగాల. నువ్వు ఇప్పుడు కేసు పెట్టాల్సిందే అని నేను అనను, దానికి కూడా ఒంట్లో సత్తువ కావాల. కానీ పెట్టాలనిపిస్తే మరీ ఆలస్యం చెయ్యకుండా నెల్లూరు కోర్టులో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడుగు, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు.

చావు కబురు చెప్పడానికి పదకొండు నెలల సర్వీసు ఉన్న పిల్లని ఒంటరిగా పంపడం నీ తప్పు కాదు. నలభై నిమిషాలు చేసినదానివి, అది చిన్న సంగతి కాదు. నెల్లూరు పోయి వచ్చినాక ఒక ముక్క రాయి.

అక్కా, మాది ఒంగోలు, జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేశాను, నేను కూడా వార్డు వదిలేసి కోడింగ్‌లోకి పోదామనుకుంటున్నా. ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జాబ్ గ్యారంటీ అని 60 వేలు అడుగుతున్నారు, ఒరిజినల్స్ కూడా పెట్టమంటున్నారు. కట్టొచ్చా?
ఒంగోలు తమ్ముడు

తమ్ముడూ, గ్యారంటీ అనే మాట కాగితం మీద రాసివ్వమని అడుగు, సగం సంగతి అప్పుడే తేలిపోద్ది. పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ఇద్దరితో ఫోన్లో మాట్లాడించమను, వాళ్ళు చెప్పినవాళ్ళు కాకుండా నువ్వే ఏరిన ఇద్దరు. కోడింగ్ సర్టిఫికెట్‌కి అసలు పరీక్ష సీపీసీ అని అమెరికా వాళ్ళది, 100 ప్రశ్నలు, 4 గంటలు, కోడ్ పుస్తకాలు పక్కన పెట్టుకునే రాయొచ్చు, కాబట్టి బట్టీ కన్నా పుస్తకం తిప్పే చురుకు ముఖ్యం. అనుభవం లేకుండా పాసైతే పేరు పక్కన ఏ అని తగిలిస్తారు, అప్రెంటిస్ అని, దానికి కంగారు పడొద్దు, కొన్నాళ్ళు పనిచేశాక తీసేస్తారు. సర్టిఫికెట్ లేకపోయినా ఫ్రెషర్లని తీసుకుని తామే నేర్పించే కంపెనీలు ఉన్నాయి, ముందు అవి రెండు మూడు ప్రయత్నించి అప్పుడు 60 వేల సంగతి చూడు. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకో, జిరాక్స్ ఇస్తే చాలు.