పిన్నికి పింక్ రిబ్బన్ కుట్టే ముందు బట్ట వెనక్కి తిప్పి చూడండి

మీ పిన్నిగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఆ జబ్బు గురించి అందరికీ చెప్పే నెల అక్టోబరులో ఇవ్వడానికి టీషర్టు మీద మిషన్ ఎంబ్రాయిడరీతో దాని గుర్తయిన పింక్ రిబ్బన్ వేయాలి, మిషన్‌కి కుట్లు చెప్పే డిజైన్ ఫైలు ఏది బాగుంటుంది అని అడిగారు. నేను పాలకొల్లులో పదకొండేళ్ళుగా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ నడుపుతున్నాను. మా అక్కకీ ఇదే జబ్బు. నేనూ ఇలాంటి టీషర్టే కుట్టి ఇచ్చాను. ఏ ఫైలు అన్నది తర్వాత చూద్దురు గాని, ముందు ఇది వినండి.

అక్క వాళ్ళది రాజోలు దగ్గర. విశాఖలో ఎడమవైపు ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ అయి ఇంటికొచ్చిన వారానికి నేనొక తెల్ల టీషర్టు పట్టుకెళ్ళాను. నెట్‌లో ఉచితంగా దొరికిన రిబ్బన్ ఫైలు దింపుకుని, పది సెంటీమీటర్ల ఫ్రేములో, సరిగ్గా ఎడమవైపు గుండె మీద వేశాను. 14 వేల కుట్లు. రిబ్బన్ అంతా సందు లేకుండా దారం నింపి, చుట్టూ ఒత్తుగా మెరిసే శాటిన్ కుట్టు అంచు, వెనక గుడ్డ ముడుచుకోకుండా మందపాటి పేపర్. చూడ్డానికి ఎంత బాగా వచ్చిందో. అక్క "బాగుందే చెల్లీ" అని అప్పటికప్పుడే వేసుకుంది. ఫోటో దిగాం.

పది రోజుల తర్వాత చెప్పకుండా చించినాడ వంతెన దాటి మళ్ళీ వెళ్ళాను. అక్క ఆ టీషర్టులోనే ఉంది. మెడ దగ్గర నీలం గళ్ళ గుడ్డ అంచు కనపడింది. మా అమ్మ చీర అది. అమ్మ పోయాక అక్క దాచుకున్న పాత నేత చీర. దాన్ని చింపి, నాలుగు మడతలు పెట్టి, నేను కుట్టిన రిబ్బన్‌కీ తన ఒంటికీ మధ్య దోపుకుంది. "గుచ్చుకుంటోందా అక్కా?" అంటే "చెమటకి పెట్టుకున్నానులే" అంది. వంటింట్లోకి వెళ్ళాక మేనకోడలు చెప్పింది, "అమ్మకి అక్కడంతా కందిపోయింది పిన్నీ, నువ్వు బాధపడతావని చెప్పొద్దంది" అని.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మనం పైవైపు చూసుకుని మురిసిపోతాం. ఆవిడ ఒంటికి రోజంతా రాసుకునేది వెనకవైపు. బాబిన్ దారం ముడులు, కత్తిరించిన పేపర్ అంచు. రేడియేషన్ పడ్డ చర్మం కాలిన చర్మంలా లేతగా ఉంటుంది. ఇంత తెలిసిన దాన్ని, పదకొండేళ్ళలో ఒక్క బట్టనీ తిరగేసి చెంపకి ఆనించి చూసుకోలేదు.

కాబట్టి ఆపరేషన్ అయిన వైపు ఛాతీ మీద ఏమీ వేయకండి. చంక దగ్గరా వద్దు, ఆ వైపు చేతి అంచుకీ వద్దు. టీషర్టు అసలే వద్దు, చేతులు పైకెత్తి తొడుక్కోవాలి. ముందు బటన్లున్న కాటన్ నైటీ ఇవ్వండి. దాని కింది అంచు మీద రిబ్బన్‌ని ఉత్త గీతలా, రన్నింగ్ కుట్టుతో వేయండి. నేను ఇప్పుడు వేసే రిబ్బన్ రెండు వేల కుట్లు దాటదు. వెనక ఇస్త్రీతో అంటుకునే మెత్తటి పల్చటి గుడ్డ తప్పకుండా వేయండి. బట్టని ముందే ఒకసారి తడిపి ఆరేయండి, లేకపోతే ఉతికాక కుట్టు చుట్టూ ముడుచుకుపోతుంది. నన్నడిగితే వీటన్నిటికంటే మంచి కానుక గుండె ఆకారం దిండు. ఆపరేషన్ తర్వాత చంక కింద పెట్టుకుంటే చెయ్యి కుట్ల మీద ఒరుసుకోదు. ఎంబ్రాయిడరీ ఒకవైపే వేసి రెండోవైపు సాదాగా వదిలేయండి.

ఉచిత ఫైళ్ళ మీద నాకు చాలా కోపం ఉంది. అందులో చాలావాటిని మందపాటి జీన్స్ గుడ్డకి గీసినట్టు గీస్తారు. అదే ఫైలు సాగే బనీను గుడ్డ మీద వేస్తే అట్టముక్క అతికించినట్టే. వేసే ముందు కంప్యూటర్‌లో తెరిచి దారం వరసల మధ్య ఎంత సందుందో చూసుకోండి. మామూలుగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒంటికి తగిలే బట్టకి నేను ఇంకా పెంచుతాను.

ఇంకో మాట. పింక్ రిబ్బన్ మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసు? మా అక్క టీషర్టు చూసి పక్కింటి మామ్మగారు "ఏ పార్టీ గుర్తమ్మా ఇది?" అని అడిగారు. ఆవిడ తప్పేమీ లేదు. 1990ల మొదట్లో అమెరికాలో ఇదే జబ్బు గురించి షార్లెట్ హేలీ అనే ఆవిడ పీచ్ (లేత నారింజ) రంగు రిబ్బన్లు ఇంట్లో తయారుచేసి పంచేటప్పుడు ఒక్కో కట్టకీ ఒక కార్డు పెట్టేది, క్యాన్సర్ రాకుండా చూడ్డానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు ఎంత తక్కువో దాని మీద రాసి. అక్కడే రిబ్బన్‌కి మాట తోడు కావలసి వచ్చింది. మనకి అక్కర్లేదా?

అక్కకి గడ్డ స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. అప్పటికి మేనకోడలి పెళ్ళి కుదిరి ఉంది. నొప్పి లేదు కదా, పెళ్ళయ్యాక చూద్దాం అని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. ఆ ఒక్క మాట తెలియక ఎనిమిది నెలలు పోయాయి. జబ్బు పడ్డ మనిషికి రిబ్బన్ తొడిగితే ఎవరికి తెలిసినట్టు? అది ఇంకా గడ్డ దాచుకుంటున్న వాళ్ళ చేతికి అందాలి.

అందుకే నిరుడు అట్ల తద్దికి రుమాళ్ళు కుట్టాను. తద్ది ఎక్కువగా అక్టోబరులోనే వస్తుంది. ఒక మూల చిన్న రిబ్బన్, కింద "గడ్డ తగిలితే దాచకు, నొప్పి లేకపోయినా చూపించు" అని తెలుగులో. ఎంత కష్టమైందో చెప్పలేను. నా సాఫ్ట్‌వేరులో ఇంగ్లీషు అక్షరాలు వంద రకాలున్నాయి, తెలుగు ఒక్కటీ లేదు. ఒక్కో అక్షరాన్నీ నేనే గీసుకున్నాను. సెంటీమీటరు కంటే చిన్నగా వేస్తే "గడ్డ"లో ఒత్తు ముద్దయిపోయింది. అంచుకి నరసాపురం వైపు ఆవిడ చేత లేసు అల్లించాను. ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ అల్లే చేతికి వచ్చే కూలి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

రుమాళ్ళని అక్క వాయనంలో అట్లతో పాటు ఇచ్చింది. ఉయ్యాల దగ్గర ఒకావిడ కూడబలుక్కుని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. కాసేపటికి ఆవిడే అక్క దగ్గరికి జరిగి "నీకు ఎక్కడ తగిలింది వదినా?" అని మెల్లిగా అడిగింది. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. బయట పిల్లలు ఉయ్యాల ఊగుతూనే ఉన్నారు. వాళ్ళిద్దరూ పావుగంట దాకా బయటికి రాలేదు.