మన్యం ఘాటు రోడ్ల యాత్రకు అప్పు చేయాలా, డిపాజిట్ తీయాలా?

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, చేతికి వచ్చే జీతం నెలకు 58,000 రూపాయలు. అమ్మ నాతోనే ఉంటుంది. ఇంటి ఖర్చులు పోను 14,000 మిగులుతుంది, అందులో 5,000 సిప్‌కు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడికి) వెళుతోంది. లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. వచ్చే మార్చిలో ముగ్గురు మిత్రులతో కలిసి భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విశాఖపట్నం దాకా మోటార్‌సైకిల్ యాత్ర చేయాలని అనుకుంటున్నాను. నాది ఏడేళ్ల నాటి 149 సీసీ బండి. అది ఆ ఘాట్లకు పనికిరాదని, 350 సీసీ బండి కొనమని మిత్రులు అంటున్నారు. బండికి రుణం తీసుకుని, యాత్రకు మరో 60,000 వ్యక్తిగత రుణం తీసుకుని, దాన్ని ఏప్రిల్‌లో వచ్చే బోనస్‌తో తీర్చేయవచ్చా? లేక డిపాజిట్ తీసేయడం మంచిదా?

జవాబు: మీరు ఒక ప్రశ్నగా రాసిన దానిలో రెండు వేర్వేరు ఖర్చులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వారం రోజుల యాత్ర, రెండోది మూడేళ్ల పాటు మీ జీతాన్ని పట్టుకుని ఉండే కొత్త బండి. వీటిని విడదీసి చూస్తే మొదటిది మీ స్తోమతలో ఉన్నదేనని, అందుకు అప్పుగానీ డిపాజిట్‌గానీ అవసరం లేదని తేలిపోతుంది. రెండోది మాత్రం ప్రస్తుతానికి మీ స్తోమతలో లేదు.

ముందు కొత్త బండి లెక్క చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే కానీ, రోడ్డు పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి బండి రోడ్డు మీదికి వచ్చేసరికి 2,30,000 రూపాయల దాకా అవుతుందని అనుకుందాం. అందులో 1,80,000 రూపాయలకు 11 శాతం వడ్డీతో మూడేళ్ల రుణం తీసుకుంటే నెలవారీ వాయిదా సుమారు 5,890 రూపాయలు, మొత్తం వడ్డీ 32,000 పైచిలుకు. మిగిలిన 50,000 ఎక్కడి నుంచి తెస్తారో మీరు రాయలేదు. దీనిపైన 60,000 వ్యక్తిగత రుణాన్ని 15 శాతం వడ్డీతో ఏడాదికి తీసుకుంటే వాయిదా 5,415 రూపాయలు, వడ్డీ దాదాపు 5,000. బ్యాంకులు ముందుగానే పట్టుకునే ప్రాసెసింగ్ రుసుము రెండు శాతం, దానిపై జీఎస్టీ కలిపితే మరో 1,400 పోతుంది. రెండు వాయిదాలూ కలిసి నెలకు 11,300 దాటుతున్నాయి, సిప్ పోగా మీ చేతిలో మిగిలేది 9,000 మాత్రమే. అంటే యాత్ర మొదలు కాకముందే సిప్ ఆగిపోతుంది.

ఏప్రిల్ బోనస్‌తో తీర్చేస్తామన్న ఆలోచన గురించి ఒక్క మాట చెబుతాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి లెక్కలను చూసి పుట్టిందే. బోనస్ ఎంత వస్తుందో, ఆ నెలలోనే వస్తుందో లేదో మీ చేతిలో లేదు, వాయిదా తేదీ మాత్రం క్రెడిట్ స్కోరు మీద ప్రభావం చూపేంత ఖచ్చితంగా వస్తుంది. క్రెడిట్ కార్డు వాడి కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోవడం ఇంకా ఖరీదైన దారి. నెలకు మూడున్నర శాతం వడ్డీ ఉన్న కార్డులో 40,000 బాకీ మిగిలితే ఒక్క నెలకే 1,400 వడ్డీ, దానిపై 252 రూపాయల జీఎస్టీ పడతాయి.

డిపాజిట్ విషయానికి వస్తే, మీ నెల ఖర్చు 44,000 కాబట్టి ఆ లక్షన్నర మీకూ మీ అమ్మగారికీ మూడు నెలల పైచిలుకు ఊపిరి మాత్రమే. ప్రైవేటు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ లెక్కన మీ నిధి ఇప్పటికే దాదాపు సగం కొరతలో ఉంది. గడువుకు ముందే తీస్తే, డబ్బు ఎన్నాళ్లు ఉందో అన్నాళ్లకు వర్తించే తక్కువ రేటు నుంచి సాధారణంగా మరో అర శాతమో ఒక శాతమో తగ్గిస్తారు. ఆ నష్టం చిన్నదే. నేను వద్దంటున్నది ఆ నష్టాన్ని చూసి కాదు, ఈ డబ్బు యాత్ర కోసం దాచినది కాదు కాబట్టి. నిజంగా అత్యవసరం వచ్చినప్పుడు కూడా డిపాజిట్ తీయకుండా, దాన్నే హామీగా పెట్టి డిపాజిట్ రేటు మీద ఒకటి రెండు శాతం అదనపు వడ్డీతో రుణం తీసుకునే వీలుందని గుర్తుపెట్టుకోండి. వ్యక్తిగత రుణం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

ఇక యాత్ర ఖర్చు. హైదరాబాద్ నుంచి భద్రాచలం దాదాపు 310 కిలోమీటర్లు, అక్కడి నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి సుమారు 100 కిలోమీటర్లు. రంపచోడవరం, అడ్డతీగల, చింతపల్లి మీదుగా లంబసింగికి, ఆపై పాడేరు మీదుగా అరకుకు, అక్కడి నుంచి విశాఖకు చేరేసరికి మీ మీటరు 850 నుంచి 900 కిలోమీటర్లు చూపిస్తుంది. తిరుగు ప్రయాణం మరో 620 కిలోమీటర్లు కలిపి మొత్తం 1,500 అనుకోండి. మీ బండి లీటరుకు 40 కిలోమీటర్లు ఇస్తే 38 లీటర్లు, లీటరు 110 రూపాయల చొప్పున 4,200 రూపాయలు. ఆరు రాత్రుల బసకు, ఇద్దరు ఒక గదిలో సర్దుకుంటే, ఒక్కొక్కరికి 6,000. తిండికి రోజుకు 700 చొప్పున ఏడు రోజులకు 4,900. మారేడుమిల్లిలో బొంగు చికెన్ తినకుండా రాలేరు కనుక ఇందులో పిసినారితనం చూపలేదు. బొర్రా గుహల టికెట్టు, పార్కింగు, చిల్లర ఖర్చులకు 1,400. ఇవన్నీ కలిపితే 16,500 రూపాయలు. మీరు అప్పు చేయాలనుకున్న 60,000లో ఇది మూడో వంతు కూడా కాదు.

తరవాత ఖర్చు పెట్టవలసింది మీ పాత బండి మీద. 149 సీసీ బండి ఘాట్లకు పనికిరాదన్న మాటతో నేను ఏకీభవించను. అనంతగిరి ఘాటులోనూ పాడేరు ఘాటులోనూ వెంటవెంటనే వచ్చే మలుపుల్లో వేగం గంటకు ముప్పై నలభై కిలోమీటర్లు దాటదు, దాటకూడదు. అక్కడ తేలికైన బండి చెప్పిన మాట వింటుంది, బరువైన కొత్త బండి అలవాటయ్యేసరికి యాత్ర ముగుస్తుంది. కానీ ఏడేళ్ల బండికి అరిగిన టైర్లు, సాగిపోయిన చైన్ ఉంటే మిత్రుల మాటే నిజమవుతుంది. రెండు టైర్లు, బ్రేకు ప్యాడ్లు లేదా షూలు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, క్లచ్ వైరు, ఇంజిన్ ఆయిలు కలిపి 9,000 రూపాయలు కేటాయించండి. ఈ పని బయలుదేరే ముందు రోజు కాకుండా మూడు వారాల ముందే చేయించి, నగరంలోనే రెండు మూడు వందల కిలోమీటర్లు తిప్పండి. ఆర్థిక సలహాదారుకు టైర్ల గొడవ ఎందుకని అనుకోవచ్చు. చింతూరు, మారేడుమిల్లి మధ్య అడవిలో చైన్ తెగితే బండిని మినీ లారీలో వేసుకుని రంపచోడవరమో రాజమహేంద్రవరమో చేర్చడానికి అయ్యే బాడుగ కొత్త చైన్ సెట్టు ధర కంటే ఎక్కువ. జాకెట్టు, చేతి తొడుగులు, మోకాలి కాపులకు మరో 7,500 తీసి పెట్టండి.

ఇప్పుడు మీరు అడగని, కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన విషయం బీమా. ఏడేళ్ల బండికి చాలామంది చట్టం కోసం థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే కొనసాగిస్తారు, మీరూ అదే చేస్తున్నారని నా అంచనా. 75 సీసీ దాటి 150 సీసీ లోపు ఉన్న బండికి 2022లో నిర్ణయించిన దాని వార్షిక ప్రీమియం 714 రూపాయలు, పన్ను అదనం. ఆ పాలసీ మీ వల్ల ఎదుటివారికి కలిగే నష్టాన్ని భరిస్తుందే తప్ప, మలుపులో జారి పడిన మీ బండికి ఒక్క రూపాయి ఇవ్వదు. 2019 సెప్టెంబరు నుంచి సొంత నష్టానికి విడిగా పాలసీ తీసుకునే సౌకర్యం ఉంది కనుక, నడుస్తున్న థర్డ్ పార్టీ పాలసీని కదిలించకుండానే దాన్ని జోడించుకోవచ్చు. ఐదేళ్లు దాటిన బండికి బీమా విలువను కంపెనీ, మీరు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి, బండిని తనిఖీ కూడా చేస్తారు, అందువల్ల ఈ పని ఫిబ్రవరి మొదటి వారంలోనే ముగించండి. తీసుకునేటప్పుడు దారిలో బండి ఆగిపోతే సాయం అందించే సదుపాయం చేర్చుకుని, అది మన్యం ప్రాంతానికి వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

బండి యజమాని తానే నడుపుతున్నప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీ పాలసీలో ఉందో లేదో చూడండి. ఉన్నా అందులో ఒక మెలిక ఉంది. ఘాటు రోడ్డు మీద మిత్రులు సరదాగా బండ్లు మార్చుకోవడం మామూలే, కానీ ఆ బీమా యజమాని నడుపుతున్నప్పుడే పనిచేస్తుంది, మీ బండి మీద ఉన్న మిత్రుడికి వర్తించదు. మీరు ఎవరి బండి నడిపినా, రోడ్డు దాటుతున్నా రక్షణ ఇచ్చేది విడిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద పాలసీ. నలుగురూ తలా ఒకటి తీసుకోండి. ఈ బీమా పనులన్నిటికీ 3,000 రూపాయలు సరిపోతాయి. ఆసుపత్రి ఖర్చుకు మీకు ఆఫీసు పాలసీ ఒక్కటే ఉన్నట్లయితే, నగదు రహిత వైద్యం దొరికే ఆసుపత్రులు ఘాటు ఎక్కాక దాదాపు ఉండవు, ముందు మీరు చెల్లించి తరవాత తిరిగి పొందవలసి వస్తుంది. అందుకు క్రెడిట్ కార్డు పరిమితిని యాత్ర ఖర్చులకు వాడకుండా ఖాళీగా ఉంచుకోండి. మీ అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి టర్మ్ పాలసీ (గడువులోపు మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) లేకపోతే, యాత్ర ఉన్నా లేకపోయినా, ఈ ఏడాదే తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీని కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించారు.

ప్రయాణానికి 16,500, బండికి 9,000, రక్షణ సామగ్రికి 7,500, బీమాకు 3,000 కలిపితే 36,000 అవుతుంది. అనుకోని ఖర్చుకు మరో 4,000 కలుపుకుని 40,000 లక్ష్యంగా పెట్టుకోండి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వచ్చే ఐదు జీతాల నుంచి నెలకు 8,000 చొప్పున, జీతం పడిన రోజునే, వేరే సేవింగ్స్ ఖాతాకు మళ్లించండి. ఐదు నెలలకు రికరింగ్ డిపాజిట్ కుదరదు, చాలా బ్యాంకుల్లో కనీస గడువు ఆరు నెలలో ఏడాదో ఉంటుంది. లిక్విడ్ ఫండ్‌లో (కొద్దికాలానికి డబ్బు పెట్టుకునే మ్యూచువల్ ఫండ్‌లో) పెట్టవచ్చు కానీ, ఇంత చిన్న మొత్తానికి వచ్చే అదనపు రాబడి కొద్ది వందలకు మించదు. ఏది మీకు సులువో అది చేయండి.

తేదీల ఎంపిక కూడా డబ్బు లెక్కలో భాగమే. మార్చి చివర్లోగానీ ఏప్రిల్‌లోగానీ వచ్చే శ్రీరామనవమికి భద్రాచలంలో గది దొరకడమే కష్టం, దొరికినా అద్దె మామూలుగా ఉండదు. అందుకని నవమికి కనీసం పది రోజుల ముందే ఆ ఊరు దాటేలా చూసుకోండి. ఫాల్గుణంలో వెళితే మోదుగు పూలు చెట్టు మీద ఉంటాయి, తొలి జల్లులు పడితే అరకు తోటల్లో కాఫీ పూత కూడా చూడవచ్చు, అప్పటికి కొత్తగూడెం ఎండలు కూడా ముదరవు. మారేడుమిల్లిలో గదులు తక్కువ, శని, ఆదివారాల్లో అరకులో రద్దీ ఎక్కువ, కనుక ఈ రెండు చోట్లా బస మధ్య వారంలో పడేలా అమర్చుకుంటే గది అద్దెలోనే వెయ్యి రూపాయల దాకా మిగులుతుంది. ముందస్తు చెల్లింపు చేసే ముందు రద్దు నిబంధనలు చదవండి.

తిరుగు ప్రయాణం గురించి ఒక ప్రత్యామ్నాయం ఉంది. విశాఖ నుంచి 620 కిలోమీటర్ల హైవేలో మలుపులూ లేవు, చూడవలసినదీ పెద్దగా లేదు. బండిని రైలు పార్సిల్‌లో వేసి మీరు అదే రైలులో స్లీపర్‌లో వస్తే, ప్యాకింగుతో కలిపి నాలుగు వేలు ఖర్చు కావచ్చు. నడుపుకుంటూ వస్తే పెట్రోలు, దారిలో ఒక రాత్రి బస, తిండి కలిసి 3,500 అవుతుంది. తేడా అయిదు వందలే, దానికి ఒక సెలవు రోజు మిగులుతుంది, అలసిన ఆఖరి రోజు లారీల మధ్య నడిపే ప్రమాదం తప్పుతుంది. నేనైతే రైలే ఎంచుకుంటాను. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలని, ఆర్‌సీ, బీమా నకళ్లు, గుర్తింపు కార్డు దగ్గర ఉండాలని మరచిపోకండి.

నలుగురి ఉమ్మడి ఖర్చుకు తలా 11,000 ముందే ఒకరి దగ్గర జమ చేసి, గదులు, తిండి అందులోంచే చెల్లించండి. ఎవరి బండి మరమ్మతు వారిదే అని, బండిని మోసుకెళ్లే బాడుగ మాత్రం అందరిదీ అని బయలుదేరకముందే మాట అనుకోండి. ఘాట్లలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, యూపీఐ పనిచేయదు, కాబట్టి తలా మూడు వేల నగదు చిన్న నోట్లలో ఉంచుకోండి, భద్రాచలంలోనూ రంపచోడవరంలోనూ ట్యాంకు నింపుకోండి.

350 సీసీ మోజు తీరాలంటే అద్దెకు తీసుకుని ఒక రోజు నడిపి చూడండి. నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉన్న బండినే తీసుకోండి. తెల్ల ప్లేటున్న సొంత బండిని అద్దెకు ఇస్తామంటే, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చెల్లించకపోవచ్చని తెలుసుకుని వదిలేయండి. ఆ తరవాత కూడా మనసు దాని మీదే ఉంటే, యాత్ర ముగిసిన మార్చి జీతం నుంచి ఆ 8,000 మళ్లింపును ఆపకండి. దాన్ని ముందు ఆరు నెలల నిధిలో ఉన్న కొరత పూడ్చడానికి వాడండి, బోనస్ వస్తే అది కూడా అందులోనే వేయండి. అది నిండిన నాటి నుంచి రెండేళ్లు కడితే 1,92,000 రూపాయలు అవుతుంది, అప్పుడు ఆ బండికి మీరు అప్పు చేయవలసింది నలభై వేల లోపే.